క్లచ్ పట్టినా ఆగని బండి

క్లచ్ పట్టుకుంటే బండి నిలబడాలి. గేరులో ఉన్నా, ఇంజన్ తిరుగుతున్నా, ఎడమచేతి లీవరు పూర్తిగా నొక్కితే చక్రానికీ ఇంజన్‌కీ సంబంధం తెగిపోవాలి. మా బండికి ఆ సంబంధం తెగేది కాదు. లీవరు హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కినా ముందుకు పాకుతూనే ఉండేది, కట్టేసిన దూడ తల్లి వైపు గుంజినట్టు. మొదట్లో నాకది వేడుక. దీనికి ఇంటికి పోవాలని తొందర అని నవ్వేవాణ్ణి. నవ్విన సంగతి కూడా రాయాలి. దాచుకుని ఏం లాభం.

నేను చిన్నప్పుడు బడికి పోలేదు. అరవై దాటినాక అక్షరాలు దిద్దాను. దిద్దించింది నా భార్య. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. మదనపల్లె బస్టాండులో బోర్డు చదవలేక బి.కొత్తకోట బస్సు అనుకుని వేరే బస్సెక్కి, తిరిగొచ్చి ఆమె మీద అరిచాను. ఆమె ఊరుకోలేదు. పలకా బలపం తెచ్చి ముందర పెట్టింది.

"అరిస్తే బోర్డు మారదు. కూర్చో ఈడ," అంది.

ఆరు నెలలు పట్టింది. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాను. తరువాత ఆమె ఒక నోటు పుస్తకం కొనిచ్చి, ఏదైనా రాయమంది. ఏం రాయాలో తెలియలేదు. రామాయణం రాయలేను కదా. తెలిసింది బండి ఒక్కటే. అందుకని బండి చేసే శబ్దాలు రాశాను. మొదటి పేజీలో మొదటి మాట "టిక్కు టిక్కు" అని ఉంటుంది. పక్కన "పైన, ట్యాపెట్లు, బయం లేదు" అని ఉంటుంది. భయానికి ఒత్తు లేదని ఆమె ఎర్ర పెన్నుతో దిద్దింది.

మా పని చింతపండు. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో మా ఊరు. చలికాలం చివర చెట్లు గుత్తకు తీసుకుని కాయ రాలుస్తాం. పెచ్చు తీసి, గింజ కొట్టి, ఉండ చేసేది ఆమె. అమ్మేది కూడా ఆమే. పుంగనూరు సంతలో ఆమెకొక జాగా ఉండేది, తూర్పు గోడ పక్కన. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే కూర్చుంది. నా నోరు మంచిది కాదు, బేరానికి పనికిరాను. బండి తోలడం, మూట దించడం, సాయంత్రం దాకా టీ కొట్టు దగ్గర ఉండడం, అంతే నా పని. సంతలో నన్నెవరూ నా పేరుతో పిలవరు. చింతపండు ఆమె మొగుడు అంటారు.

బండి పద్దెనిమిదేళ్ళ కిందట మదనపల్లెలో దళారి దగ్గర కొన్నాను. అప్పటికే అది పాతది. ఆ రోజు ఇంజన్ పట్టుబట్టలాగా మెత్తగా తిరిగింది. వారానికే గోల మొదలు పెట్టింది. అప్పుడే నాకొక సంగతి తెలిసింది. అమ్మే బండిలో దళారులు మందమైన ఆయిలు పోస్తారు. మందం ఆయిలు అరిగిన సందుల్లో దూరి శబ్దాన్ని మింగేస్తుంది. కొన్నవాడు ఇంటికి పోయి మామూలు ఆయిలు మార్చేదాకా తెలియదు. ఆ మోసం చెప్పి నవ్వినవాడు మా మెకానిక్కు.

ఆయనది మదనపల్లె. ఒక సందులో రేకుల షెడ్డు. మేము ఆయన్ని బాయ్ అని పిలుస్తాం. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. నలభై ఏళ్ళు సైలెన్సర్ల పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోయాయి, మన మాట పెదాలు చూసి పట్టుకుంటాడు. అయినా ఇంజన్‌ను వినేవాడు. ఎలాగంటే, పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడి పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. శబ్దం ఇనుము మీదుగా పళ్ళలోకి, పళ్ళ నుంచి పుర్రెలోకి పోతుందట. మొదటిసారి చూసినప్పుడు నవ్వాను.

"నవ్వద్దన్నా. చెవులు పొయినా పండ్లుండాయి."

"పండ్లు గూడా ఊడిపోతే?"

"అప్పుడు నువ్వే ఇని నాకు సైగ చెయ్యాల. నీ గొంతు నాకు యాడ ఇనబడతాది!"

ఆయన చెప్పిందంతా నా పుస్తకంలో ఉంది. ఒక మాట మటుకు పెద్ద అక్షరాలతో రాశాను. పాత బండి రకరకాలుగా అరుస్తుంది, ఏది ఎక్కడిదో ఎలా కనుక్కోవాలి అని అడిగితే ఆయన చెప్పిన మాట అది.

"క్లచ్ ఇడిసి ఇను. క్లచ్ పట్టి ఇను. పడితే ఆగిపొయ్యే శబ్దం క్లచ్ డబ్బాలోది. పట్టినా ఇడిసినా ఆగకుండా కొట్టుకుంటాందా, అది ప్రాణం కాడిది."

పోయిన మాఘంలో బండిని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. అప్పటికే గేరు వేస్తే టక్కున తన్నేది. ఇంజన్ వేడెక్కితే న్యూట్రల్ దొరికేది కాదు. పక్క నుంచి గలగలమని ఒక గోల. క్లచ్ పడితే ఆ గోల పోయేది. అంటే డబ్బా. ఆ డబ్బాకు వేళ్ళలాగా అంచులు ఉంటాయి, ప్లేట్లు ఆ వేళ్ళ మధ్య ముందుకీ వెనక్కీ జారాలి. ఏళ్ళ తరబడి ప్లేట్లు గుద్ది గుద్ది ఆ వేళ్ళకు గాట్లు పడతాయి. ప్లేటు గాటులో ఇరుక్కుంటే లీవరు ఎంత నొక్కినా ఒకదాన్నొకటి వదలవు. ఇంజన్ చక్రాన్ని లాగుతూనే ఉంటుంది.

ఇంతవరకూ నాకు తెలుసు. కానీ ఆయన స్క్రూడ్రైవరు కిందికి జరిపి, ఇంజన్ కడుపు దగ్గర ఆనించి చాలాసేపు కరిచి పట్టుకున్నాడు.

"ఇంగొకటి ఉండాది లోపల," అన్నాడు. "సన్నంగా. ఇప్పుడిప్పుడే మొదలు. ఇంజన్ దించాల. వారం పది రోజులు ఇడిసిపెట్టి పో."

"ఇప్పుడు కుదరదు బాయ్. సీజను. రెండు సంతలు పోతాయి."

"సంతలు మళ్ళా వస్తాయన్నా. ఇది రాదు."

"ఉగాది పోనీ."

ఆయన నా ముఖం చూసి స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు. కేబుల్ బిగించి, ఇది మందు కాదు, కట్టు మాత్రమే అన్నాడు. నేను ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం వేరే, వినడం వేరే.

ఇంటికి వచ్చినాక నేను చేసిన పని ఇది. మా పక్కింటివాళ్ళకు ట్రాక్టరు ఉంది. దానికి పోయగా మిగిలిన ఆయిలు డబ్బాలో లీటరుకు పైగా ఉంటే అడిగి తెచ్చాను. మా పక్క ఇది అందరూ చేసేదే. ట్రాక్టరుకు పోసింది బోరింజన్‌కు, బోరింజన్‌ది బండికి. ఇంజన్ ఏదైనా ఇంజనే అనుకుంటాం. బండిలో పాత ఆయిలు వదిలేసి, ఇది పోశాను. నా భార్య చింతగింజలు కొడుతూ చూస్తోంది.

"ఏమయ్యా, ఆ డబ్బా మింద ట్రాక్టరు బొమ్మ ఉండాది గదా."

"బొమ్మ సూసి తాగతాదా ఏందే ఇంజను?"

కిక్ కొట్టాను. గలగల పోయింది. టిక్కు టిక్కు కూడా పోయింది. కడుపులో సన్నగా ఉందన్నది అసలే వినబడలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట దళారి వినిపించిన పట్టుబట్ట మళ్ళీ వచ్చింది. నేను ఆమె వైపు చూసి, "ఇన్నావా?" అన్నాను. పెద్ద డాక్టరులాగా అన్నాను. ఆ దళారి నాకు చేసింది నాకు నేనే చేసుకున్నాను, అదీ తెలిసి తెలిసి. ఇంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు. చేశానేమో, ఇంత ఖరీదు పడలేదు.

మందం ఆయిలు క్లచ్ ప్లేట్ల మధ్య సంగటిలాగా పట్టుకుంటుంది. శబ్దం తగ్గింది, పాకడం పెరిగింది. ముందు జానెడు పాకేది మూరెడు పాకసాగింది. అది నాకంటే ముందు ఆమెకు తెలిసింది, ఎక్కేదీ దిగేదీ ఆమె కాబట్టి. చీర కట్టుకుని పక్కకు కూర్చునే మనిషికి బండి రాయిలాగా నిలబడాలి. ఒక కాలు ఫుట్‌రెస్టు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి లేచేటప్పుడు ఇంకో కాలు గాల్లో ఉంటుంది. సర్దుకుని కూర్చున్నాక నా వీపు మీద రెండుసార్లు తట్టేది. ఆ రెండు తట్లూ పడితేనే నేను క్లచ్ వదలాలి. పెళ్ళైన కొత్తలో సైకిల్ మీద మొదలైన అలవాటు అది. నోటితో పో అని ఆమె ఎన్నడూ అనలేదు.

"గోల పొయ్యింది గాని బండి నిలబడ్డంలేదయ్యా," అంది ఒకరోజు. "నేను ఎక్కేటప్పుడు ఇంజను ఆపెయ్యి."

"ఆపితే మళ్ళా న్యూట్రల్ రాదు, కిక్ పట్టదు. నడిరోడ్లో తోసుకుంటా పోవాల్నా? బ్రేకు పట్టుకుంటాండాను గదా."

"ఆపితే నీ పరువు పోతాదా?"

"నువ్వు ఎనక కూర్చునేదానివి. నీకేం తెలుసు."

ఈ మాట నేను అన్నాను. ఆమె అప్పుడు నవ్వింది కూడా. "ఔను, ఎనక కూర్చునేదాన్నే. ముందర ఉండేవాడికి కండ్లుంటే సాలు," అంది.

ఉగాదికి ఇంకా రెండు సంతలు ఉన్నాయి. ఆ రోజు పుంగనూరులో సరుకు మధ్యాహ్నానికే అయిపోయింది. ఆమె సంతోషంగా ఉంది. సంత గేటు బయట కొంచెం పల్లం. బండి వేడిగా ఉంది, న్యూట్రల్ దొరకలేదు. మొదటి గేరులోనే క్లచ్ పట్టి, కుడిచేత్తో బ్రేకు పట్టి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబెట్టాను. వెనక ఒక లారీ హారన్ కొడుతోంది. ఆమె ఖాళీ గోనెలు సీటు మీద పరిచి, తక్కెడ నాకు అందించింది, హ్యాండిల్‌కు తగిలించమని. అందుకోవడానికి కుడిచెయ్యి తీశాను. బ్రేకు పట్టుకున్న చెయ్యే అది. అదే సమయానికి ఆమె కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి లేచింది.

బండి ఒక మూర ముందుకు పోయింది. అంతకంటే ఎక్కువ పోలేదు.

భుజం మీద చెయ్యి జారింది. వీపు మీదుగా నడుము దాకా ఆమె వేళ్ళు జారిన దారి నాకిప్పటికీ తెలుసు. పడిన శబ్దం పెద్దగా రాలేదు. గోనె మూట పడినట్టు వచ్చింది. నేను వెనక్కి తిరిగేసరికి కంకర మీద పక్కకు పడి ఉంది. కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఏడవలేదు.

"ఆపమంటిని గదయ్యా," అంది.

తరువాత ఇంక ఆ మాట ఎన్నడూ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తుంటి ఎముక. పుంగనూరులో ఫోటో తీసి కుప్పం తీసుకుపొమ్మన్నారు. ఆంబులెన్సులో పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా పోయాం. ఆమె తల దగ్గర కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు కొరుక్కునేది. నాకు చేయడానికి ఏమీ లేక ఇంజన్ వింటూ కూర్చున్నాను, పాడు అలవాటు. డ్రైవరు క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆ బండి వెంటనే వదిలేసేది. ఒక్కసారి కూడా లాగలేదు.

కుప్పంలో ఆపరేషన్ బాగానే చేశారు. రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఎముకలో సత్తువ లేదప్పా. స్టాండు పట్టుకుని ఇంట్లో నడిస్తే అదే శానా. బండి ఎక్కడం, అందులోనూ పక్కకు కూర్చోవడం, ఇంగ మర్సిపోండి."

"బస్సు?"

"బస్సు మెట్లు సూసినారా ఎంత ఎత్తుంటాయో?"

ఈ మాట నా భార్యకు చెప్పలేదు. ఆమెకు ఒకటే ఆశ. వచ్చే సీజనుకు సంతలో తన గోడ పక్కన కూర్చోవాలి. మంచం మీద పడుకుని రోజులు లెక్క పెట్టింది. ఆషాఢం పోయింది, దసరా పోయింది. స్టాండు పట్టుకుని వాకిలి దాకా వచ్చేది, మళ్ళీ మంచం దాకా పోయేది.

"బండి బాగు చేయించు," అంది ఒకరోజు. "నిలబడేటట్టు చేయించు. మిగతాది నేను సూసుకుంటా."

ఆటోలో పోదామన్నాను. ఆటోలోకి ఎక్కించేటప్పుడు కాలు మడవలేక ఏడ్చిందొకసారి. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. బండి అయితే నీ భుజం ఉంటాది అంది. డాక్టరమ్మ చెప్పింది అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. బండి బాగైతే అన్నీ బాగవుతాయన్నట్టు మదనపల్లెకు తోలుకుపోయాను.

ఆమె మంచం మీద ఉన్న రోజుల్లో సంతకు కూడా నేనొక్కణ్ణే బస్సులో పోయి వచ్చాను, మిగిలిన చింతపండు అమ్మడానికి. ఆమె జాగాలో వేరే ఆమె కూర్చుని ఉంది. మిరపకాయల మూటలు. నేను ఎండలో ఒక మూలన కూర్చుని, వచ్చిన ధరకు ఇచ్చేసి లేచాను. ఇంటికి రాగానే నా భార్య మొదట అడిగింది అదే.

"నా జాగాలో ఎవురుండారు?"

"ఎవురూ లేరు. కాళీగానే ఉండాది."

ఆమె నా ముఖం కాసేపు చూసి కళ్ళు మూసుకుంది.

మెకానిక్కు బాయ్ ఈసారి ముందు స్పానరు అందుకున్నాడు. కింద పళ్ళెం పెట్టి ఆయిలు వదిలాడు. అది నల్లగా, సాగుతూ, తొందర లేకుండా కారింది. వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ట్రాక్టరుదా?"

తల ఊపాను.

"నేను దళారుల కత సెప్పింది నవ్వుకునేదానికి అన్నా. నేర్చుకునేదానికి కాదు."

కవరు విప్పి డబ్బా చూపించాడు. వేళ్ళ అంచులు ఎలుక కొరికిన చెప్పులా ఉన్నాయి. నా వేలు పెట్టి చూశాను. గోరు దిగింది. ఇంత చిన్న గాటు. నా భార్య తుంటికి ఇంత చిన్న గాటు చాలిందా అనిపించింది. ఆయన ఆకురాయితో ఒక్కొక్క వేలినీ రుద్ది నునుపు చేశాడు. రెండు రోజులు పట్టింది. కొత్త ప్లేట్లు వేసి, సరైన ఆయిలు పోసి, లీవరు సరిచేసి, ఎక్కమన్నాడు. మొదటి గేరు వేశాను. తన్నలేదు. క్లచ్ పట్టుకుని కాళ్ళు రెండూ ఎత్తేశాను. బండి కదలలేదు. రాయిలాగా నిలబడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకు కనిపించకుండా తల తిప్పుకున్నాను.

అప్పుడే అది విన్నాను. కింద నుంచి, డుబ్ డుబ్ డుబ్. క్లచ్ వదిలాను. డుబ్ డుబ్. మళ్ళీ పట్టాను. అదే.

ఆయనకు స్క్రూడ్రైవరు అవసరం రాలేదు. నా ముఖం చూశాడు, ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు.

"క్రాంకు. ప్రాణం కాడిది," అన్నాడు. "అప్పుడు సన్నంగా ఉన్నిందే, అదే. మందం ఆయిలు దాని నోరు మూసింది. మూసినాక లోపల్లోపలే తినింది."

"మార్చేదానికి అయితాదా?"

"ఈ మోడలుకు సామాను రావడం ఎప్పుడో ఆగిపొయ్యింది. పాత ఇనప గుజిరీలో దొరికేదీ ఇట్లా సచ్చిందే. ఈ డబ్బాకే యాడా కొత్తది దొరక్క రుద్ది పెట్టినా. ఇంటిదాకా పోతాది, మెల్లగా పో. పుంగనూరు దాకా నమ్మొద్దు."

"క్లచ్ బాగైంది గదా."

"క్లచ్ బాగైంది," అన్నాడు ఆయన. "ఇంజన్ పొయ్యింది."

లేవబోతుంటే ఆ పొడుగు స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. పై పళ్ళు రెండు కదులుతున్నాయట, ఇంక కరవలేనన్నాడు. నేను తీసుకోలేదు. నాకెందుకు అది.

దారి పొడుగునా డుబ్ డుబ్ వింటూ ఇరవై స్పీడు దాటకుండా వచ్చాను. సైకిళ్ళు నన్ను దాటిపోయాయి. వాకిట్లో ఇంజన్ ఆపకుండా, మొదటి గేరులోనే క్లచ్ పట్టి నిలబెట్టాను. ఎందుకంటే నిలబడేటట్టు చేయిస్తానని ఆమెకు మాట ఇచ్చాను. ఆమె స్టాండు పట్టుకుని గడప దాటి వచ్చింది. మెల్లగా, ఒక్కో అడుగూ. బండి పక్కన నిలబడి చక్రం వైపే చూసింది. చక్రం కదలలేదు. రెండు నిమిషాలు అలాగే చూసింది.

"నిలబడింది," అంది.

"నిలబడింది."

స్టాండు వదిలి చెయ్యి నా భుజం మీద వేసింది. ఆ బరువు నాకు తెలుసు. ఎన్నేళ్ళ బరువు అది. కాలు ఎత్తబోయింది. ఫుట్‌రెస్టు నేలకు మోకాలంత ఎత్తు కూడా ఉండదు. కాలు నేల మీద నుంచి జానెడు లేచింది, వణికింది, దిగింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి జానెడు కూడా లేవలేదు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. వెనక్కి తిరిగితే ఆమె ముఖం చూడాలి. ఇంజన్ మటుకు కొట్టుకుంటూనే ఉంది. చెయ్యి భుజం మీద నుంచి వీపు మీదికి జారుతుందేమో, రెండు తట్లు పడతాయేమో అని కాచుకున్నాను. పడలేదు.

"ఆపెయ్యి," అంది. "పాపం, శానా కొట్టుకుంటాంది."

ఈసారి వెంటనే ఆపాను.

ఆమెను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాను. డాక్టరమ్మ చెప్పింది అప్పుడు చెప్పాను. క్రాంకు సంగతి కూడా చెప్పాను. ఆమె తల ఊపింది. చీర కొంగుతో మోకాలు తుడుచుకుంది, అక్కడ ఏమీ అంటకపోయినా.

"ఇప్పుడు సెప్పు," అంది. "నా జాగాలో ఎవురుండారు?"

"మిరపకాయలామె."

"గోడ పక్కనేనా?"

"గోడ పక్కనే."

బండి వైపు చూసింది.

"ఆడ పదకొండు దాకా ఎండ రాదు," అంది.